నడివీధి న్యాయము

పూర్వకాలమున తెలుగు పల్లెలలో పరువుమాలిన పని చేసినవానికి విధింపబడు శిక్షలలో గాడిదపై ఊరేగింపు ఒకటి. తప్పు చేసినవాని తల గొరిగించి, మొగమునకు మసి పూసి, సున్నపుబొట్లు పెట్టి, మెడలో చెప్పులదండ వేసి, గాడిదపై వెనుకకు తిరిగి కూర్చుండబెట్టి, తప్పెటలు మ్రోగించుచు వీధులవెంట త్రిప్పెడివారు. అరుగులమీది పెద్దలు ఛీకొట్టెడివారు. పిల్లలు కేకలు వేయుచు వెంట పరుగెత్తెడివారు. దేహముపై ఒక్క దెబ్బయైనను పడకున్నను, నాలుగు వీధులు తిరిగి వచ్చుసరికి వాడు చచ్చినవానితో సమానుడయ్యెడివాడు.

ఇంగ్లండు దేశమున ఇట్టి శిక్షకే వేరొక రూపముండెను. సంత జరుగు కూడలిలో ఒక స్తంభమును పాతి, దానిపై రెండు కొయ్యపలకలను అమర్చి, వాని నడుమనుండు రంధ్రములలో నేరస్థుని తలను, చేతులను బిగించి కొంతసేపు నిలిపెడివారు. వానికి కదలుటకు గాని, మొగము దాచుకొనుటకు గాని వీలు లేదు. చూడవచ్చినవారు బురదను, కుళ్లిన గ్రుడ్లను, ఒక్కొక్కప్పుడు రాళ్లను కూడ విసరెడివారు. ఆ దెబ్బలకు ప్రాణములు విడిచినవారును కలరు. 'రాబిన్సన్ క్రూసో' కథను రచించిన డేనియల్ డీఫో, 1703 లో ఒక చిన్న పుస్తకమును వ్రాసిన నేరమునకు ఇట్లే బిగింపబడినప్పుడు, జనులు అతనిపై పూలు విసరిరని చెప్పుదురు. ఒకనిపై పూలు, మరియొకనిపై రాళ్లు! శిక్షను విధించినవాడు న్యాయాధిపతియే. కాని ఆ శిక్ష కొలతను నిర్ణయించినది మాత్రము గుంపు. అట్టిది న్యాయము కాజాలదని తెలిసికొని ఆ దేశమువారు 1816 లో చాలవరకును, 1837 లో పూర్తిగను ఆ శిక్షను రద్దు చేసిరి.

ఈ రెండును క్రూరమైన ఆచారములే. వానిని మెచ్చుకొనవలసిన పని లేదు. అయినను వానికొక మేర యుండెను. ప్రొద్దు గ్రుంకగనే స్తంభము ఖాళీయయ్యెడిది. పొలిమేర చేరగనే ఊరేగింపు ముగిసెడిది. పొలిమేర దాటిన పిదప, గుండు మీద వెండ్రుకలు మొలచునంతవరకు ఏ దూరపు బంధువుల యింటనో తలదాచుకొని, వేరొక ఊర వేరొక బ్రతుకు ప్రారంభించుటకు వానికి వీలుండెడిది. మరియొక సంగతి కూడ కలదు. ఛీకొట్టినవారందరు వానిని ఎరిగినవారే. వాని తండ్రి ఎట్టివాడో, వాని తల్లి బావికడ ఎవరితోను మాటలాడక ఎట్లు తలవంచుకొని పోవుచున్నదో వారు చూచెడివారు. వాడు మరల నాగలి పట్టిన దినమును కూడ ఆ కన్నులే చూచెడివి.

నేటి ఊరేగింపునకు పొలిమేర లేదు.

పదునైదేండ్ల బాలుడొకడు బస్సులో తట్ట నెత్తిన పెట్టుకొని నిలుచున్న ముసలమ్మను వెక్కిరించెననుకొందురు గాక. ప్రక్కనున్న స్నేహితులు నవ్విరి. ఆ నవ్వులతో వాని నోటికి అదుపు తప్పినది. ఎదుటి వరుసలోని ప్రయాణికుడొకడు ఆ దృశ్యమును తన సెల్‌ఫోనులో పట్టెను. అర నిమిషపు వీడియో అది. సాయంకాలమునకు ఊరంతయు చూచినది; మరునాటికి జిల్లా యంతయు చూచినది. 'వీని పేరేమి? ఏ బడి? ఎవని కొడుకు?' అని వేలకొలది కంఠములు అడుగుచుండగా ఎవడో ఒకడు పేరు చెప్పెను. వేరొకడు ఇంటి జాడ చెప్పెను. మూడవవాడు వాని చెల్లెలి చిత్రమును కూడ వెదకి తెచ్చెను. చెల్లెలు చేసిన తప్పేమి? అని అడుగువారు లేరు. బాలుడు చేసినది తప్పే, అందు సందేహము లేదు. కాని వానిని తిట్టుచున్నవారిలో ఆ ముసలమ్మ ఎవరో, బస్సు దిగి ఎక్కడికి పోయెనో విచారించినవాడు ఒక్కడును లేడు. ఆమె తట్టను దింపుటకు చేయి అందించుటకైనను చిత్రము తీయువానికి తీరిక లేకపోయినది. వాని రెండు చేతులును పనిలో నున్నవి.

చిత్రము తీయు యంత్రము సామాన్యుల చేతికి వచ్చిన నాడే ఈ చిక్కు మొదలైనది. 1888 లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ చేతిలో ఇముడు కొడాక్ కెమెరాను అమ్మకమునకు తెచ్చెను. రెండేండ్ల తరువాత, 1890 లో, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను బోస్టను నగరపు న్యాయవాదులిరువురు, మనుష్యునికి తన పాటికి తాను ఉండు హక్కు కలదని వాదించుచు ఒక వ్యాసమును ప్రకటించిరి. క్షణములో తీయు ఫొటోలును, వానిని అచ్చువేయు పత్రికలును వారి ఆందోళనకు కారణములలో ముఖ్యమైనవి. ఆ కాలపు కెమెరాకు ఫిలిము కడుగవలెను, అచ్చు తీయవలెను, పత్రిక సంపాదకుడు ఒప్పుకొనవలెను. ఇన్ని గడపలు దాటునప్పటికి కోపము చల్లారుటకు కొంత వ్యవధి యుండెను. నేడు గడపయే లేదు. వ్రేలు తాకించుటయే తడవు.

ఇట్టి న్యాయము ఒక నగరమున ఎట్లు నడచినదో చూడవలెనన్న కెనడా దేశములోని వాంకూవరు నగరమును చూడవచ్చును. 2011 జూన్ 15 వ తేదీని ఆ నగరమున మంచుపై ఆడు హాకీ పందెముల తుది ఆట జరిగినది. బోస్టను జట్టు నాలుగు గోళ్లతో గెలిచినది. వాంకూవరు జట్టుకు ఒక్క గోలును రాలేదు. ఆటను పెద్ద తెరలపై చూచుటకు నగర మధ్యమున చేరిన జనము లక్షకు మించియుండెను. ఓటమితో మొదలైన గలభా కొన్ని గంటలపాటు సాగినది. పోలీసు వాహనములు తగులబడినవి. అంగళ్ల అద్దములు పగిలినవి. లోపలి సరకులను దోచుకొనిపోయిరి. నూరుకు పైగా వ్యాపార సంస్థలు నష్టపడినవి. అనేకులు గాయపడిరి. ఆ రాత్రి వీధులలో చేయి చేసికొన్నవారిలో పెక్కుమంది యువకులు. అందు కొందరు ఇంకను బడి దాటనివారు.

అదే నగరమున, అదే పందెపు తుది ఆటలో ఓడిపోయినందుకే 1994 లోను ఇట్టి గలభాయే జరిగెను. నాడు కూడ కిటికీలు పగిలినవి, దోపిడి జరిగినది. పోలీసులు కొందరిని పట్టి శిక్షింపజేసిరి. తక్కినవారు ఇండ్లకు పోయిరి. వారు నేడు ఏబది ఏండ్లవారు. బిడ్డల తండ్రులు, ఉద్యోగస్థులు. ఆ రాత్రి చేసిన పని జ్ఞాపకము వచ్చి ఎందరు సిగ్గుపడుచున్నారో వారికే ఎరుక. 2011 నాటివారికి ఆ అవకాశము చిక్కలేదు. గుంపులో ప్రతి రెండవవాని చేతిలోను కెమెరాగల ఫోనుండెను. తెల్లవారుసరికి వేలకొలది ఫొటోలు, వీడియోలు ఫేస్‌బుక్ మొదలైన చోట్లకు ఎక్కినవి. 'వీరి పేళ్లు చెప్పుడు' అని జనులు గుంపులు గూడిరి. పేళ్లు తెలిసినవి. పేళ్లతోపాటు ఇండ్ల జాడలును, తల్లిదండ్రుల వృత్తులును బయటపడినవి.

వారిలో పదునేడేండ్ల బాలుడొకడుండెను. అంతవరకు చదువులోను, ఆటలోను మంచిపేరు తెచ్చుకొన్నవాడు. పోలీసు వాహనమునకు నిప్పంటించుటకు పూనుకొన్నట్లు వాని ఫొటో ఒకటి వెలువడినది. కెనడాలో 2003 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని నేరస్థుని పేరును ప్రకటింపరాదు. కాని అప్పటికే వాని పేరు వేలమందికి తెలిసిపోయినది. చట్టము మూసిన తలుపునకు గోడ లేకపోయెను. చివరకు ఆ బాలుడే న్యాయస్థానము అనుమతి పొంది, తన పేరుతో ప్రజలయెదుట నిలిచి క్షమాపణ వేడెను. దాచవలసిన పేరును తానే చెప్పుకొని, తాను చేసినది తప్పని ఒప్పుకొనుటకు ధైర్యము కావలెను. అట్టి ధైర్యమునకు కలిగిన ఫలమేమి? దూషణలు తగ్గలేదు. కుటుంబము కొంతకాలము ఇల్లు విడిచి పోవలసివచ్చెను. తండ్రి వృత్తికి ఆటంకము కలిగెను. ఆ రాత్రి వీధిలో లేని తల్లిదండ్రులు కూడ శిక్షకు పాలైరి.

వాంకూవరు పోలీసులు, చట్టమును చేతిలోనికి తీసికొనవద్దనియు, చిత్రములుండిన తమకు పంపుడనియు ప్రజలను కోరిరి. వారి పని నెమ్మదిగా సాగినది. ఒక్కొక్క చిత్రమును పరిశీలించి, ఒక్కొక్కరి నేరమును విడివిడిగా తేల్చి, సుమారు 300 మందిపై అభియోగములు మోపిరి. అధికసంఖ్యాకులు తప్పు ఒప్పుకొనిరి. ఆ వ్యవహారములు పూర్తిగా తెమలుటకు 2016 వరకు పట్టినది. ఐదేండ్లు! గుంపునకు ఒక్క రాత్రి చాలినది. ఆలస్యమును చూచి న్యాయస్థానములను పరిహసించువారు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. న్యాయస్థానము అద్దము పగులగొట్టినవానిని ఒక విధముగను, నిప్పుపెట్టినవానిని మరియొక విధముగను, ఊరక నిలుచుండి నవ్వినవానిని వేరొక విధముగను చూచును. గుంపునకు ఆ భేదములతో పని లేదు. దాని త్రాసులో ఒక్కటే రాయి.

తెలుగు భాషలో రెండు మాటలు కలవు. 'సిగ్గుపడుట' ఒకటి, 'సిగ్గు తీయుట' మరియొకటి. వినుటకు ఒకే కుదుటివిగా తోచును గాని, ఒకదానికొకటి విరుద్ధమైనవి. సిగ్గుపడువానియందు సిగ్గు పుట్టుచున్నది. అది లోపలినుండి వచ్చును. వచ్చి వానిని తప్పు దిద్దుకొనుటకు పురికొల్పును. సిగ్గు తీయుట యనగా ఉన్న సిగ్గును ఊడబెరుకుట. నలుగురిలో సిగ్గు తీయబడినవాని కడ సిగ్గుపడుటకు మిగిలినదేమున్నది? ఇంటిలో చిన్నపిల్లవానిని అందరియెదుట పదేపదే తిట్టిన తల్లికి ఈ సంగతి తెలియును. మొదట వాడు ఏడ్చును, పిదప ఊరకుండును, చివరకు 'అవును, నేనింతే' అనును. ఆ మూడవ మాట పుట్టిన నాడు తల్లి ఓడిపోయినది. లోకమంతయు కలిసి ఒక బాలునిచేత ఆ మాట అనిపించుట ఏ సంస్కారము?

ఆడపిల్లల విషయమున ఇది మరింత కఠినము. మగపిల్లవాడు తప్పు చేసిన 'కుర్రతనము' అను మాట వానికొరకు ఎక్కడనో సిద్ధముగా నుండును. అదే పని ఆడపిల్ల చేసిన ఆమె నడవడిని, పెంపకమును, చివరకు కట్టుబట్టను కూడ విచారింతురు. ఆమె బడి మానిపించుటకు గాని, తొందరపడి పెండ్లి చేయుటకు గాని అట్టి వీడియో ఒక్కటి చాలును. ఒక్క నిమిషపు దుడుకుతనమునకు చదువంతయు వెల!

అయినను, కెమెరా వలన న్యాయము జరుగుట లేదా అని ఎవరైనను అడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 2020 మే 25 వ తేదీని అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై ఒక పోలీసు ఉద్యోగి మోకాలు మోపి ప్రాణము తీయుచుండగా, పదునేడేండ్ల బాలిక ఒకతె దారిప్రక్కన నిలిచి ఆ ఘోరమును తన ఫోనులో పట్టినది. పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటన, ఆ మరణము అనారోగ్యము వలన కలిగినట్లు చెప్పెను. బాలిక తీసిన వీడియో లేకున్న ఆ ప్రకటనయే చరిత్రయై యుండెడిది. 2021 లో ఆ ఉద్యోగి హంతకుడని న్యాయస్థానము తేల్చినది. ఆ బాలికకు పులిట్జరు బహుమాన సంఘము ప్రత్యేక గుర్తింపు నొసగినది.

కాని ఈ ఉదాహరణమును బస్సులోని బాలుని కథకు అతికించుట పొరపాటు. ఇక్కడ తప్పు చేసినవాడు అధికారము గలవాడు; వానిని విచారింపవలసినవారే వానిని కాపాడుచుండిరి. లోకమును పిలువక తప్పని చోట ఆ బాలిక లోకమును పిలిచినది. బస్సులోని బాలుని విచారించుటకు తండ్రి కలడు, తల్లి కలదు, ప్రధానోపాధ్యాయుడు కలడు. నేరము పెద్దదైనచో బాలల న్యాయమండలి కలదు. వారెవరికిని చెప్పక లోకమునకు చెప్పుట, పొయ్యిలో నిప్పు ఆరుటకు ఏటికి గండి కొట్టుట వంటిది.

ర్యాగింగు విషయమును కూడ ఇక్కడనే చెప్పవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1997 లోనే దానిని నిషేధించుచు చట్టము చేసిరి. ప్రతి కళాశాలలోను ర్యాగింగు నిరోధక సంఘముండవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009 లో నియమము చేసినది. చిన్నవానిని మోకాళ్లపై నిలిపి ఏడిపించుచున్నవాని వీడియో ఆ సంఘమునకు బలమైన సాక్ష్యమగును. దానిని దాచుట పిరికితనము. అయితే దానిని ఊరంతటికి చూపినచో, అందులో దోషియొక్కడే కనబడడు. మోకాళ్లపై నున్నవాడును కనబడును. వాని అవమానమును ఒక గది దాటనీయక కాపాడవలసినవారు, వానికి న్యాయము చేయుచున్నామనుకొనుచు పది ఊళ్లకు పంచిపెట్టుచున్నారు.

గుంపు పొరబడుటయు అరుదు కాదు. 2013 లో బోస్టను పరుగుపందెమున బాంబులు ప్రేలినప్పుడు, ఫొటోలను పట్టి దోషులను తామే కనిపెట్టుదుమని వేలమంది బయలుదేరిరి. చూపరులలో నిలిచియున్న ఒక పదునేడేండ్ల విద్యార్థి చిత్రము న్యూయార్కు పత్రిక యొకటి మొదటి పుటలో అచ్చువేసినది. వాడు పరుగుపందెములపై మక్కువతో చూడవచ్చిన పిల్లవాడు. వానికి ఆ ఘోరముతో ఏ సంబంధమును లేదు.

కన్నులారా చూచినది కూడ పూర్తి నిజము కాకపోవచ్చునని మహాభారతములోని మాండవ్యుని కథ చెప్పుచున్నది. మాండవ్యమహర్షి మౌనవ్రతము పూని ఆశ్రమద్వారమున తపస్సు చేయుచుండెను. రాజభటులు తరుముచుండగా దొంగలు దోచిన సొమ్ముతో వచ్చి ఆ ఆశ్రమమున దాగిరి. భటులు వచ్చి దొంగల జాడ అడిగిరి. ముని పలుకలేదు. లోపల వెదకిన సొమ్మును, దొంగలును దొరకిరి. ఇంకేమి సాక్ష్యము కావలెను? దొంగలతోపాటు మునిని కూడ రాజు కొరత వేయించెను. భటులు అబద్ధమాడలేదు. వారు చూచినదంతయు నిజమే. చూడనిది మాత్రము వారికి తెలియలేదు. అర నిమిషపు వీడియోను చూచి తీర్పు చెప్పువారు ఆ భటులకన్న ఎక్కువ చూచినవారు కారు.

కథ అంతటితో ఆగలేదు. తపోబలముచే మునికి ప్రాణము పోలేదు. రాజు తన తప్పు తెలిసికొని క్షమాపణ వేడి, శూలమును పెరికించబోయెను. అది ఊడి రాలేదు. బయటికి కనబడు భాగమును కోయించిరి. లోపలి ముక్క ఆయన దేహముననే నిలిచిపోయినది. అందుచే ఆయనకు అణిమాండవ్యుడని పేరు వచ్చినది. క్షమాపణ తరువాత కూడ లోపల మిగిలిపోవు ముల్లు ఎట్టిదో ఈ కథ చెప్పినవారికి బాగుగ తెలియును.

పిమ్మట మాండవ్యుడు యమధర్మరాజు కడకు పోయి, ఏ పాపమునకు తనకు ఇంతటి శిక్ష కలిగినదని నిలదీసెను. బాల్యమున తూనీగలను పుల్లతో గ్రుచ్చి బాధించితివి, దాని ఫలమిది, అని యముడు చెప్పెను. మాండవ్యుడు తాను ఆ పని చేయలేదనలేదు. తూనీగల బాధ బాధ కాదనియు అనలేదు. ఆయన అడిగినది కొలతను గూర్చి. తెలిసీ తెలియని వయస్సున చేసిన చిన్న తప్పునకు ఇంత పెద్ద దండన ధర్మమా? అడిగి ఊరకుండక ఒక కట్టడి చేసెను. పదునాలుగేండ్ల ప్రాయము వరకు చేసిన పనులు పాపముగా లెక్కకు రాకుండును గాక! అంతేకాదు, కొలత తప్పి దండించినందుకు యముని మనుష్యుడవై పుట్టుమని శపించెను. ఆ శాపము వలననే యముడు విదురుడై పుట్టెను. పాపపుణ్యములను తూచుటయే పనిగా గలవాడు కూడ, ఒక బాలుని తప్పును పెద్దవాని తప్పుతో సమానముగా తూచినందుకు శిక్షకు పాత్రుడయ్యెను. సెల్‌ఫోను చేతబట్టి ధర్మదేవతలమనుకొనువారు ఈ సంగతిని మరచిపోవుచున్నారు.

మాండవ్యుడు పదునాలుగేండ్లని గీచిన గీతను భారతదేశపు శాసనకర్తలు ఇంకను ముందుకు జరిపిరి. 2015 నాటి బాలల న్యాయచట్టము పదునెనిమిదేండ్లు నిండనివారినందరిని బాలలుగా ఎంచినది. ఆ చట్టము 74 వ విభాగము ప్రకారము, నేరారోపణకు లోనైన బాలుని పేరు, ఊరు, బడి, చిత్రము, వానిని గుర్తుపట్టుటకు పనికివచ్చు మరి యే వివరమును పత్రికలలో గాని, మరి యే ప్రచార సాధనమున గాని ప్రకటింపరాదు. ప్రకటించినవారికి ఆరు నెలలవరకు కారాగారవాసమో, రెండు లక్షల రూపాయలవరకు జరిమానాయో, లేక రెండునో విధింపవచ్చును. అతిఘోరమైన కొన్ని నేరములు తప్ప, బాల్యమున చేసిన తప్పు పెద్దయైన పిదప వాని దారికి అడ్డు రాకూడదనియు, సంబంధించిన కాగితములను గడువు తీరగనే నాశనము చేయవలెననియు అదే చట్టము చెప్పుచున్నది. ప్రభుత్వము తన కాగితములను నాశనము చేయును. ఊరివారి ఫోనులలోని వీడియోను నాశనము చేయువారెవరు?

బడిలో సైతము కాలము మారినది. ఒకప్పటి వీధిబడులలో అల్లరి పిల్లవానిని దూలమునుండి త్రాటితో వ్రేలాడదీసి 'కోదండము' వేసెడివారు. తోటిపిల్లలు చూచి భయపడవలెనని అట్లు చేసెడివారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటనే కాక, మనస్సు నొప్పించి వేధించుటను కూడ నిషేధించినది. చదువు చెప్పిన గురువునకే లేని అధికారము, పిల్లవాని పేరైనను నిన్నటివరకు ఎరుగని వేలమంది అపరిచితులకు ఎట్లు సంక్రమించినదో తెలియదు.

2017 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకముగా, తన జీవితమును తనదిగా ఉంచుకొను హక్కు మౌలికమైన హక్కు అని తీర్పు చెప్పిరి. ఆ సందర్భమున జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, తెలియనితనముచే బాల్యమున చేసిన పొరపాట్ల ఫలితమును పిల్లలు జీవితమంతయు అనుభవించుచుండరాదని అభిప్రాయపడెను. మాండవ్యుడు యమునితో అన్నమాటకును దీనికిని దూరమెంత?

ఇంతకును బాలుని తప్పును ఎవరును ఎత్తిచూపరాదా? చూపవలెను, గట్టిగనే చూపవలెను. కాని ఆ పనికి అర్హత ఒకటి కావలెను. తప్పును చూచినవాడు దిద్దుబాటును కూడ చూచుటకు నిలిచియుండవలెను. తండ్రి నిలుచును. ఉపాధ్యాయుడు ఏడాది పొడవునను నిలుచును. బస్సులోని ముసలమ్మ కూడ, ఆ పిల్లవాడు మరునాడు వచ్చి, తట్ట దింపి, 'తప్పైపోయినది, అవ్వా' అని తలవంచినచో, వాని తలపై చేయి వేయుటకు అక్కడనే యుండును. వీడియో చూచి తిట్టినవాడు మరునాడు వేరొక వీడియో చూచుచుండును. బాలుడు మారిన సంగతి వానికి తెలియదు, తెలిసికొనవలెనన్న కోరికయు లేదు. వాని దృష్టిలో ఆ బాలుడు ఏబది ఏండ్లు వచ్చినను పదునైదేండ్ల దుష్టుడే.

వాంకూవరు నగరమున ఆ గలభా జరిగిన మరునాటి ఉదయము, వందలకొలది జనులు చీపురులతోను, గోనెసంచులతోను వీధులలోనికి వచ్చిరి. పగిలిన గాజుముక్కలను ఊడ్చిరి. అద్దములు పగిలిన దుకాణములకు అప్పటికి చెక్కపలకలు కొట్టియుండిరి. వచ్చినవారిలో ఒకడు ఆ పలకపై రెండు మాటలు వ్రాసెను. పిదప ఇంకొకడు వ్రాసెను. కొలదిసేపటిలో పలకలన్నియు వ్రాతలతో నిండిపోయినవి. వానిలో అనేకము క్షమాపణలు. తరువాత ఆ పలకలను నగరపు మ్యూజియమునకు తరలించిరి. వ్రాసినవారిలో చాలమంది ఆ రాత్రి ఒక్క రాయియైనను విసరనివారు. తమ ఊరి పిల్లలు చేసిన పనికి, ఊరి పేరు చెప్పి, తామే క్షమాపణ వేడిరి.